అనుమతి లేని నివాళి

మా ఆయన ఫోటో ఉన్న ఫ్లెక్సీ మా సందు మొదట్లో ఐదు నెలల పైచిలుకు ఉంది. దాన్ని తీయించింది నేనే. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు, వాళ్లలో సగం మంది ఇప్పటికీ నన్ను క్షమించలేదు. అందుకు నేను పెద్దగా బాధపడిందీ లేదు. ఆ రోజుల్లో నాకు బాధపడడం చేతనయ్యేది కాదు. పొద్దున్నే గుణదలలో బస్సెక్కి, బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, నడిచి వెళ్లి షట్టరు ఎత్తి కూర్చునేదాన్ని. సాయంత్రం షట్టరు దించి వచ్చేసేదాన్ని. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మాది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే సందులో ఏడో షట్టరు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడదు, తెలిసినవాళ్లు వెతుక్కుంటూ రావాలి. ముందు బల్ల దగ్గర ఆయన కూర్చునేవారు. వచ్చినవాళ్లతో మాట్లాడడం, మిక్సీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విని ఏం పోయిందో చెప్పడం ఆయన పని. ప్లైవుడ్ అడ్డు వెనకాల కూర్చుని, మాడిపోయిన కాయిల్ విప్పి కొత్త రాగి తీగ చుట్టేది నేను. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కంటే నాకే బాగా వచ్చింది. ఆ మాట ఆయనా ఒప్పుకునేవారు, కాకపోతే కస్టమర్ల ముందు కాదు. "ఆడవాళ్లు చుట్టారంటే మిక్సీని నాలుగుసార్లు వాసన చూసి మరీ పట్టుకెళ్తారు" అని నవ్వేవారు. నాకూ ముందుకొచ్చి కూర్చోవాలని ఎప్పుడూ అనిపించలేదు. వచ్చేపోయేవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడే ఓపిక నాకు లేదు. పైగా ఫ్యాను వెనకాలే ఉంది.

దసరా వెళ్లిన వారానికి ఆయన పోయారు. పొద్దున టిఫిన్ తిని చెయ్యి కడుక్కుంటూ కూలబడ్డారు, ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. చుట్టాలకు మా తమ్ముడు ఫోన్లు చేశాడు. పాస్టరు గారు దగ్గరుండి సమాధి కార్యక్రమం జరిపించారు. తర్వాతి వారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. వీటన్నిటిలో నేను కూర్చోమన్నచోట కూర్చున్నాను, లేవమన్నప్పుడు లేచాను. కూడికలో బిరియానీ బాగుందని ఎవరో అంటుంటే, అవును బాగుంది అనుకున్నట్టు గుర్తు.

ఫ్లెక్సీ కట్టించింది ఎదురు షట్టరాయన. ఫోటోలకు ఫ్రేములు కడతారు. మా ఆయనకు ఇరవై ఏళ్ల స్నేహితుడు, నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. మా వైపు మనిషి పోతే సందు మొదట్లో ఫ్లెక్సీ పడాలి. పడకపోతే ఆ మనిషిని నలుగురూ పట్టించుకోలేదని అర్థం. అందుకని ఆయన, మిగతా షాపులవాళ్లు కలిసి, మేమింకా సమాధుల తోట నుంచి ఇంటికి చేరకముందే కట్టించేశారు. సందు మొదట్లో ప్రహరీ గోడకు ఆనించి ఒక ఇనప చట్రం ఉంది. సందులో ఏ షాపువాళ్లు బ్యానర్ కట్టుకోవాలన్నా అదొక్కటే చోటు. దసరాకు మా ఆయన ఆఫర్ బ్యానర్ కట్టింది దానికే. దాన్ని విప్పి అదే చట్రానికి ఆయన నివాళి కట్టారు.

తొందరలో ఒక పొరపాటు జరిగింది. ఫ్లెక్సీలు వేసే అతను కొత్తగా డిజైన్ చేయలేదు. మా దసరా బ్యానర్ ఫైలే తెరిచి, పైన 'దసరా ఆఫర్' అని ఉన్నచోట 'అశ్రు నివాళి' అని పెట్టాడు. ఆఫర్ వివరాల బదులు పుట్టిన తేదీ, పోయిన తేదీ పెట్టాడు. ఒక పక్క దీపం, ఇంకో పక్క గులాబీలు అతికించాడు. కింది భాగం జోలికి పోలేదు. అక్కడ మా షాపు పేరు, 'మిక్సీలు, గ్రైండర్లు, కూలర్లు గ్యారంటీగా రిపేరు చేయబడును' అన్న లైను, ఫోన్ నంబరు అలాగే ఉండిపోయాయి. ఫోటో కూడా దసరాదే. అందులో మా ఆయన కుడిచేత్తో మిక్సీ జారు పట్టుకుని నవ్వుతుంటారు. నివాళిలో జారు బాగుండదని దాన్ని చెరిపేశాడు గానీ, చేతిని ఏం చేయాలో తోచలేదు కాబోలు, వదిలేశాడు. చెయ్యి గాల్లో ఖాళీగా మిగిలింది. చూసినవాళ్లు అందరినీ దీవిస్తున్నట్టుందన్నారు. నాకు మాత్రం స్క్రూడ్రైవరు అందించమని అడుగుతున్నట్టుండేది.

కింద నంబరు ఉందన్న సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ నంబరున్న ఫోను నా సంచిలో ఉండేది. ఫ్లెక్సీ చూసి దానికి ఫోన్ చేసింది ఒకే ఒక్క మనిషి. పై భాగం చదవలేదో ఏమో, మిక్సీ జారు మూత విడిగా దొరుకుతుందా అని అడిగాడు. దొరుకుతుంది, రమ్మన్నాను. రాలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయిన మూడో రోజే నేను షాపు తీశాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది? తీగ ఉంది, చేతులున్నాయి, పని వచ్చు. కానీ మనుషులు రాలేదు. వచ్చినవాళ్లు కూడా అంతకుముందు ఇచ్చిన మిక్సీలను ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లడానికి వచ్చారు. "పర్లేదమ్మా, ఇంకెక్కడైనా చేయించుకుంటాం" అని, నా మొహం చూడకుండా సంచిలో పెట్టుకుని వెళ్లారు. నేనే బాగుచేస్తాను అంటే "మీకెందుకమ్మా ఈ టైములో శ్రమ" అన్నారు. వాళ్లకు నా మీద జాలే గానీ కోపమేమీ లేదు. అన్నేళ్లుగా ఆ కాయిళ్లు చుట్టింది నేనేనని వాళ్లకు తెలియదు, అంతే. ఇక కొత్తవాళ్లు సందు మొదటికి వచ్చేవాళ్లు, ఫ్లెక్సీ చూసేవాళ్లు, అయ్యో పాపం అనుకుని బండి వెనక్కి తిప్పుకునేవాళ్లు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి నేనే ఎన్నోసార్లు చూశాను. పోయిన మనిషి షాపుకు మిక్సీ ఎవరు తెస్తారు?

క్రిస్మస్ వెళ్లింది. షాపు ఓనరు గారిది ఉయ్యూరు వైపు. మినుముల పని చూసుకుని వచ్చినప్పుడు ఒకసారి షట్టరు ముందు ఆగి, చెప్పులు విడవకుండానే నిలబడి మాట్లాడారు. మంచివారే. "చూడమ్మాయ్, నేను తొందరపెట్టట్లేదు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లు ఈ షట్టరు కావాలని తిరుగుతున్నారు. నువ్వు నడపగలిగితే నడుపు, నాకు సంతోషమే. లేదంటే ఉగాది వెళ్లాక ఏ సంగతీ చెప్పు" అన్నారు.

"ఆవకాయల రోజులు వెళ్లేదాకా ఉండనివ్వండి బాబాయిగారూ" అన్నాను.

ఆయన సరేనన్నారు. ఆ లెక్క ఆయనకూ తెలుసు. మామిడికాయలు దిగితే ఇంటింటా ఆవపిండి కొడతారు, కారం పడతారు. సంవత్సరమంతా చట్నీలతో కులాసాగా గడిపిన మిక్సీలు ఆ నెలరోజుల్లో మాడి మసైపోతాయి. మా షాపుకు అవే పండగ రోజులు. అప్పుడు కూడా మనుషులు రాకపోతే ఇక రారు. షాపు పోతే నేను ఏం చేస్తానన్నది ఆలోచించడానికి ప్రయత్నించాను గానీ తల సాగలేదు. తీగ చుట్టడం తప్ప నాకింకేదీ రాదన్నది మాత్రం తెలుసు. ఆ బల్ల, ఆ అడ్డు, ఆ ఫ్యాను పోతే ఇక ఆయనతో గడిపిన చోటు కూడా ఉండదు. ఇంట్లో మేమిద్దరం గడిపింది నిద్రపోయే వేళల్లోనే, మిగతా ఇరవై రెండేళ్లు అక్కడే గడిచాయి.

ఏం చేయాలో తెలియడానికి గొప్ప తెలివితేటలు అక్కర్లేదు. సందు మొదట్లో ఒక బ్యానర్ కట్టాలి. 'షాపు తెరిచే ఉంది' అని పెద్ద అక్షరాలతో రాయించాలి. ఫ్లెక్సీలు వేసే అతని దగ్గరికి వెళ్తే అతను చేతులెత్తేశాడు. గుణదల తిరునాళ్లకు ముందు రోడ్ల మీద బ్యానర్లన్నీ పీకేశారని, అప్పటి నుంచి గట్టిగా ఉన్నారని చెప్పాడు. "అనుమతి కాగితం లేకుండా షాపు బ్యానర్ వేస్తే మమ్మల్నీ పట్టుకుంటున్నారమ్మా. వార్డు ఆఫీసుకెళ్లి కాగితం తెచ్చుకోండి, పావుగంటలో వేసిస్తా" అన్నాడు.

వెళ్లాను. ప్లానింగ్ చూసే అమ్మాయి చిన్న వయసుదే. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. నియమాలన్నీ ఒక కాగితం మీద ఉంటే నాకిచ్చి, తను కూడా ఓపిగ్గా చెప్పుకొచ్చింది. కరెంటు స్తంభానికి కట్టకూడదు. డివైడరు మీద నిలబెట్టకూడదు. చెట్టుకు మేకులు కొట్టకూడదు. మలుపులో బండి నడిపేవాళ్ల చూపుకు అడ్డం రాకూడదు. ఒక షాపుకు ఒకటే బ్యానర్. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటుందో ముందే చెప్పాలి. ఆ తేదీలు, అనుమతి నంబరు బ్యానర్ మీద కింద మూలన అచ్చువేయాలి. గడువు అయిన రోజున ఎవరిది వాళ్లే విప్పుకోవాలి. నాకు అందులో తప్పుపట్టడానికేమీ కనపడలేదు. దేనికైనా ఎప్పటిదాకా అని ముందే చెప్పేస్తే మంచిదే కదా అనిపించింది.

చోటు చెప్పాను. ఆ అమ్మాయి ట్యాబ్‌లో ఏదో వెతికి, "ఆంటీ, అక్కడ మీ షాపు బ్యానర్ ఆల్రెడీ ఉందండీ. పర్మిషన్ లేకుండా ఉంది. మొన్న సర్వేలో ఫోటో తీశారు. నోటీసు కూడా తయారైంది, రేపో ఎల్లుండో మీకు రావాలి" అంది.

"మేమేం కట్టలేదే" అన్నాను.

ట్యాబ్ నా వైపు తిప్పింది. ఇనప చట్రం, ప్రహరీ గోడ, మధ్యలో మా ఆయన. నవ్వుతున్నారు. చెయ్యి ఖాళీగా ఉంది. కింద మా షాపు పేరు, నంబరు చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది.

"అది బ్యానర్ కాదమ్మా. మా ఆయన" అన్నాను.

ఆ అమ్మాయి ఫోటోను వేళ్లతో పెద్దది చేసి పై అక్షరాలు చదివింది. మొహం పాలిపోయింది. "సారీ ఆంటీ. నేను కింద నంబరే చూశాను" అంది. ట్యాబ్ తన వైపు తిప్పుకుని మళ్లీ అంది: "నివాళి ఫ్లెక్సీల జోలికి మేం వెళ్లమండీ. ఎవరి దుఃఖం వాళ్లది. కానీ షాపు పేరు, ఫోన్ నంబరు ఉన్నాయంటే అది వ్యాపార ప్రకటన కిందికే వస్తుంది. నంబరొక్కటి లేకపోయినా నేను చూడనట్టు ఉండేదాన్ని."

"మరిప్పుడు?"

"మీరే చెప్పాలండీ. నివాళి అంటే నోటీసు తీసేస్తాం. కానీ అప్పుడు కట్టినవాళ్లే విప్పాలి, మేం ముట్టుకోం. చోటు ఖాళీ లేదు కాబట్టి మీ కొత్త బ్యానర్‌కి పర్మిషన్ రాదు. వ్యాపార ప్రకటన అంటే అది మీదవుతుంది. మీరు సంతకం పెడితే మావాళ్లే వచ్చి తీసేస్తారు. తర్వాత అదే చోటు మీకే ఇప్పిస్తాను."

"రెండూ అని పెట్టడానికి లేదా?"

"ఈ ట్యాబ్ ఒక్కటే టిక్ పెట్టనిస్తుందండీ."

రేపు వస్తానని చెప్పి లేచాను. మొదటి దారే మర్యాదగా అనిపించింది. కట్టినవాళ్లు విప్పితే నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టే పని ఉండదు. నేరుగా అన్నయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరిదో పెళ్లి ఫోటోకు అద్దం బిగిస్తున్నారు. ఓనరు గారు పెట్టిన గడువు, ఆఫీసులో చెప్పిన మాట అన్నీ చెప్పాను. చివర, "ఆ ఫ్లెక్సీ మీరే విప్పించండి అన్నయ్యగారూ" అన్నాను.

ఆయన చేతిలో సుత్తి కిందపెట్టారు. "నివాళి ఫ్లెక్సీ మనం తియ్యకూడదమ్మా. దానంతట అది పోవాలి" అన్నారు.

అది నిజమే. మా ఊళ్లో పోయినవాళ్ల ఫ్లెక్సీని కట్టడానికి అందరూ వస్తారు, విప్పడానికి ఎవరూ రారు. ఎండకు వెలిసి, గాలికి చిరిగి, ఓ రోజు పీలికలై వేలాడాల్సిందే. మా ఆయనది అప్పటికే వెలిసిపోవడం మొదలైంది. ముందు ఎరుపు పోతుంది. గులాబీలు బూడిదరంగులోకి వచ్చాయి. ఆయన మొహం నీలంగా తయారైంది. ఈ ఎండాకాలం గడిస్తే గానీ పూర్తిగా పోదు. అప్పటికి నా షట్టర్లో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతుంటాయి.

"అదుంటే షాపు మూసేశారని వెనక్కి వెళ్లిపోతున్నారండీ" అన్నాను.

"ఏడాది కూడా కాలేదు. అప్పుడే మొహం కనపడకూడదా?" అన్నారు ఆయన. "మా చేతులతో కట్టింది మేం విప్పలేం. నీకంత అడ్డమైతే నీ ఇష్టం."

నీ ఇష్టం అంటే ఏమిటో తెలుగువాళ్లెవరికైనా తెలుసు. నాకు కోపం రావాల్సింది. ఆయన మళ్లీ సుత్తి తీసుకుని ఫ్రేముకు ఏ మూల నుంచి మేకులు కొడుతున్నారో చూస్తూ నిలబడ్డాను. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో కూడా తెలుస్తూనే ఉంది. మా ఆయన పోయిన రోజు నా కంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. ఆ రోజు సాయంత్రానికల్లా సందంతా తెలిసిపోయింది. టిఫిన్ సెంటరావిడ నన్ను చూసి ముక్కున వేలేసుకున్నంత పని చేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి రెండో దానికి టిక్ పెట్టమన్నాను. ఆ అమ్మాయి కాగితం తీసి నా ముందు పెట్టింది. 'పై తెలిపిన బ్యానర్ నా వ్యాపార ప్రచారం నిమిత్తం ఏర్పాటు చేయబడినదని, అనుమతి లేనందున దానిని తొలగించుటకు నాకు ఎటువంటి అభ్యంతరము లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.' ఒకటికి రెండుసార్లు చదివాను. ఎటువంటి అభ్యంతరము లేదు. పెన్ను సరిగా రాయకపోతే ఆ అమ్మాయి తన పెన్ను ఇచ్చింది. సంతకం పెట్టాను. వార్నిష్ మరకల వేలితో వేలిముద్ర కూడా వేశాను. నోటీసు సంగతి తను చూసుకుంటానంది. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి తాళ్లు కోశారు. పైభాగం ముందు జారింది, ఆయన ముందుకు వంగినట్టయ్యారు. తర్వాత మొత్తం కింద పడింది. సందులోవాళ్లంతా ఎవరి షట్టరు ముందు వాళ్లు నిలబడి చూశారు. అన్నయ్యగారు లోపలికి వెళ్లిపోయారు. ఆ ఇద్దరిలో పెద్దాయన ఫ్లెక్సీని దుప్పటి మడతపెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి, "అమ్మా, ఇది తమకు కావాలా? అక్కర్లేదంటే మేం పట్టుకెళ్తాం. గట్టి సరుకు, పశువుల పాక మీద కప్పుకోడానికి పనికొస్తది" అన్నాడు.

"పట్టుకెళ్లండి" అన్నాను.

ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఎండ మండిపోతోంది. లోపలికొచ్చి ఫ్యాను వేసుకున్నాను. సాయంత్రం అన్నయ్యగారు షట్టరు దించుతూ, నా వైపు చూడకుండానే, "వ్యాపారమని రాసిచ్చావంటగా" అన్నారు.

"ఇచ్చానండీ" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య మాటల్లేవు.

అనుమతి వచ్చింది. ఫ్లెక్సీ అతను ఈసారి బుద్ధిగా కొత్త ఫైలు తెరిచాడు. 'షాపు తెరిచే ఉంది. మిక్సీలు, గ్రైండర్లు యథావిధిగా రిపేరు చేయబడును. ఏడో షట్టరు.' ఫోటో పెట్టమంటారా అని అడిగాడు. ఎవరి ఫోటో అన్నాను. ఇంకేమీ అడగలేదు. కింద మూలన అనుమతి నంబరు, పదిహేను రోజుల గడువు అచ్చువేశాడు. తాళ్లు నేనే కట్టుకున్నాను.

బ్యానర్ కట్టిన రెండో రోజు పొద్దున ఒక పెద్దావిడ గుడ్డ సంచిలో మిక్సీ పెట్టుకుని వచ్చింది. చెమటలు కక్కుతోంది. కొండపల్లి నుంచి రైల్లో వచ్చిందట. "ఏ సందో మర్చిపోయి తిరుగుతున్నానమ్మా. బోర్డు చూసి గుర్తుపట్టా. పదేళ్ల కిందట ఇక్కడే చేయించాను, మళ్లీ ముట్టుకునే పని పడలా. ఆవపిండి పట్టబోతే నిన్న పొగొచ్చింది" అంటూ సంచి బల్ల మీద పెట్టింది. ఐదు నెలల తర్వాత మా బల్ల మీదికి నడిచి వచ్చిన మొదటి మిక్సీ అది. తర్వాత ఆవిడ నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "సార్ లేరా?" అని అడిగింది.

"లేరండీ" అన్నాను.

"ఎన్నింటికొస్తారు?"

నేను సంచి ముడి విప్పాను. ఆవిడే, "సర్లే, కూర్చుంటాను. నా రైలు సాయంత్రం గదా" అని స్టూలు లాక్కుని, వీధి కనపడేట్టు జరిగి కూర్చుంది. నేను మిక్సీ అందుకున్నాను. "మీకెందుకమ్మా, ఆయనొచ్చి చూస్తార్లే" అంది. "విప్పి పెడతానండీ" అన్నాను.

ఒక కాయిల్ మాడింది. వెనక్కి పట్టుకెళ్లి పాత తీగ విప్పి కొత్తది చుట్టడం మొదలుపెట్టాను. చుట్లు లెక్కపెట్టడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది, ఎవరితో మాట్లాడుతున్నా లెక్క తప్పదు. ఆ రోజు రెండుసార్లు లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాను. సందులో స్కూటరు చప్పుడైనప్పుడల్లా స్టూలు కిర్రుమనేది. ఆవిడ లేచి చూస్తోందన్నమాట. కాయిల్‌కు వార్నిష్ పూసి బల్బు కింద ఆరబెట్టి, బిగించేసరికి మధ్యాహ్నమైంది. ముందు బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను. శుభ్రంగా తిరిగింది.

ఆవిడ తల ఊపింది. "బానే తిరుగుతోంది. కానీ ఆయనొచ్చి ఒక్కసారి చెవి పెట్టి వింటే నాకు ధైర్యమమ్మా. పోయినసారి అట్టాగే విని, ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు పొమ్మన్నారు. ఆయన చెయ్యి మంచిది. ఇంకాసేపు చూస్తా" అని మళ్లీ కూర్చుంది.

"ఆయన రారండీ" అన్నాను.

"ఊరెళ్లారా?"

"చనిపోయారండీ. దసరా వెళ్లాక."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. చుట్టాలకు తమ్ముడు చెప్పాడు. చర్చిలో పాస్టరు గారు చెప్పారు. ఊరందరికీ ఫ్లెక్సీ చెప్పింది, మూర పొడుగు అక్షరాలతో, ఎండలో నిలబడి, ఐదు నెలలు. నేను ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది. అదేదో షాపుకు అడ్డమని తీయించాను గానీ, ఇన్నాళ్లూ అది నా పని కూడా చేస్తోందని నాకు తెలియలేదు.

"అయ్యో తల్లీ" అంది ఆవిడ లేచి నిలబడి. "లేరంటే బయటికెళ్లారనుకున్నా. పొద్దుట్నుంచి ఆయన కోసం ఎదురుచూస్తున్నానే."

నేను కూడా ఎదురుచూస్తూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. కస్టమరు ముందు, తిరుగుతున్న మిక్సీ ముందు, స్విచ్ ఆపడం కూడా తెలియకుండా ఏడ్చాను. ఆవిడే ఆపింది.

షాపు నిలబడింది. మామిడికాయలు దిగాక మిక్సీలు వరసగా వచ్చాయి, బ్యానర్‌కు మూడుసార్లు గడువు పొడిగించుకున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆయన గురించే అడుగుతారు. లేరండీ అంటే కూర్చుంటామంటారు కాబట్టి ఆ మాట మానేశాను. చనిపోయారండీ, నేనే చేస్తాను, ఇటివ్వండి అంటాను. రోజుకు ఐదారుగురికి చెప్పాలి. వాళ్లకు అది కొత్త కబురు. చెప్పిన ప్రతిసారీ నాకూ కొత్తగానే ఉంటుంది.